వయోలా–పియానో ద్వయ సంగీతం: రొమాంటిక్, ఆధ్యాత్మిక రచనలు, ధ్వనిముద్రణలు

వయోలా–పియానో ద్వయ సంగీతం పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఛాంబర్ సంగీతానికి చెందిన ఒక శాఖ. ఒక వయోలా, ఒక పియానో సమాన భాగస్వాములుగా వాయించే రచనలు దీని కిందికి వస్తాయి. వీటిలో రొమాంటిక్ యుగపు సోనాటాలు, లఘు రచనలు, ప్రార్థనా గీతాల మీద ఆధారపడిన కృతులు ప్రధానమైనవి. రొమాంటిక్ యుగం అంటే స్థూలంగా 19వ శతాబ్దం, 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలు. ఈ రచనలను ఒకే ఆల్బమ్‌గా కూర్చి విడుదల చేయడం ఎల్‌పీ రికార్డుల కాలం నుంచి స్థిరపడిన సంప్రదాయం. ఈ వ్యాసం వాద్యాల స్వరూపాన్ని, రచనల చరిత్రను, వాటి రకాలను, ధ్వనిముద్రణ పరిణామాన్ని, విధానాన్ని వివరిస్తుంది.

నిర్వచనం, పరిధి

ఛాంబర్ సంగీతం అంటే కొద్దిమంది వాద్యకారులు, ఒక్కొక్కరు ఒక్కో భాగాన్ని వాయించే సంగీతం. ఇందులో సంగీత నిర్దేశకుడు ఉండడు. వయోలా–పియానో ద్వయంలో పియానో పక్కవాద్యం మాత్రమే కాదు. సోనాటాలలో ప్రధాన స్వరవాక్యం రెండు వాద్యాల మధ్య చేతులు మారుతూ ఉంటుంది.

ఈ సందర్భంలో ‘ఆధ్యాత్మిక సంగీతం’ అనే మాట మూడు రకాల రచనలకు వర్తిస్తుంది. మొదటిది, యూదు, క్రైస్తవ ఆరాధనలో పాడే బాణీల మీద కట్టిన రచనలు. రెండోది, మతపరమైన కవితకు స్వరపరచిన గీతాలు, వాటి వాద్య రూపాలు. మూడోది, ఆఫ్రికన్ అమెరికన్ల భక్తి గీతాలైన ‘స్పిరిచువల్స్’. ఆరాధనాలయంలో పాడే సంగీతానికీ, కచేరీ వేదిక కోసం ఆ బాణీలతో రాసిన సంగీతానికీ తేడా ఉంది. ఇక్కడ ప్రస్తావించే రచనల్లో అత్యధికం రెండో కోవకు చెందినవి.

వాద్యాల స్వరూపం

వయోలా: వయొలిన్ కుటుంబంలో ఇది మధ్యస్థాయి వాద్యం. 16వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలోని బ్రెషా, క్రెమోనా నగరాల్లో రూపు దిద్దుకుంది. బ్రెషాలో గాస్పరో ద సాలో, క్రెమోనాలో ఆండ్రియా అమాటి తొలి తరం తయారీదారుల్లో ముఖ్యులు. దీని నాలుగు తీగలు కింది నుంచి సి, జి, డి, ఎ స్వరాలకు శ్రుతి చేసి ఉంటాయి. వీటి ఆవృత్తులు సుమారు 131, 196, 294, 440 హెర్ట్జ్. పక్కపక్క తీగల మధ్య అంతరం పంచమం. మొత్తం వాద్యం వయొలిన్ కంటే పంచమం కింద ఉంటుంది. దీని స్వరలిపిని ప్రధానంగా ఆల్టో క్లెఫ్‌లో రాస్తారు.

వయోలా నాదానికి ఉన్న ప్రత్యేకతకు మూలం దాని కొలతలలో ఉంది. వయొలిన్ పెట్టె పొడవు సుమారు 35.5 సెంటీమీటర్లు. పంచమం కింద పలికే వాద్యానికి అదే నిష్పత్తిలో పెట్టె కావాలంటే పొడవు 53 సెంటీమీటర్లు ఉండాలి. అంత పెద్ద వాద్యాన్ని భుజం మీద పెట్టుకుని వాయించడం సాధ్యం కాదు. అందుకే వయోలాలు సాధారణంగా 38 నుంచి 43 సెంటీమీటర్ల పెట్టెతో తయారవుతాయి. తీగల శ్రుతికి పెట్టె పరిమాణం చాలకపోవడం వల్ల కింది స్వరాలు కాస్త మందంగా, గరగరగా, లోపలి నుంచి వస్తున్నట్టుగా వినిపిస్తాయి. స్త్రీల కింది స్థాయి గాత్రమైన కాంట్రాల్టోకు ఈ నాదం దగ్గరగా ఉంటుంది. ప్రార్థన, స్మరణ, విషాదం వ్యక్తం చేసే రచనలకు స్వరకర్తలు ఈ వాద్యాన్ని ఎంచుకోవడానికి ఇది ప్రధాన కారణం.

పియానో: నేటి పియానోలో 88 మెట్లు ఉంటాయి. దాని పరిధి 27.5 నుంచి సుమారు 4,186 హెర్ట్జ్ వరకు. 1825లో అమెరికాలో ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే పోతగా చేసిన ఇనుప చట్రానికి పేటెంట్ పొందాడు. 1859లో స్టైన్‌వే సంస్థ గ్రాండ్ పియానోలో తీగలను ఒకదాని మీదుగా మరొకటి అడ్డంగా బిగించే పద్ధతికి పేటెంట్ తీసుకుంది. ఈ మార్పులతో పియానో నాదం బాగా పెరిగింది. వయోలా నాదం ఆ మేరకు పెరగలేదు. రెండు వాద్యాల మధ్య సమతూకం కచేరీలోనూ ధ్వనిముద్రణలోనూ ప్రధాన సమస్య కావడానికి ఇదే మూలం.

చరిత్ర

రొమాంటిక్ యుగానికి ముందు: 18వ శతాబ్దపు వాద్యబృందాల్లో వయోలాకు ఎక్కువగా మధ్య స్వరాలను పూరించే పని ఉండేది. ఏకవాద్యంగా దాని కోసం రాసిన రచనలు తక్కువ. పియానోతో కలిసి వాయించే తొలి ముఖ్య రచనల్లో యోహాన్ నేపోముక్ హుమ్మెల్ 1798 ప్రాంతంలో ప్రచురించిన ఇ-ఫ్లాట్ మేజర్ సోనాటా ఒకటి.

19వ శతాబ్దం: ఫెలిక్స్ మెండెల్సన్ 1824లో, 15 ఏళ్ల వయసులో సి మైనర్ సోనాటా పూర్తి చేశాడు. అది 1966 వరకు అచ్చు కాలేదు. రష్యాలో మిఖాయిల్ గ్లింకా 1820లలో మొదలుపెట్టిన డి మైనర్ సోనాటా అసంపూర్ణంగా మిగిలిపోగా, 20వ శతాబ్దంలో వయోలా విద్వాంసుడు వదీమ్ బరిసోవ్‌స్కీ దాన్ని పూర్తి చేశాడు. రాబర్ట్ షూమన్ 1851లో డ్యూసెల్డార్ఫ్‌లో ‘మెర్షెన్‌బిల్డర్’ (ఓపస్ 113; ఓపస్ అంటే స్వరకర్త రచనా సంఖ్య) అనే నాలుగు లఘు రచనల గుచ్ఛాన్ని రాశాడు. అంటోన్ రుబిన్‌స్టైన్ 1855లో ఎఫ్ మైనర్ సోనాటా రాశాడు. బెల్జియన్ వయొలిన్ విద్వాంసుడు ఆన్రీ వ్యూతాం బి-ఫ్లాట్ సోనాటా (ఓపస్ 36) కూడా ఈ కాలానిదే. 1880లో ఫ్రాంజ్ లిస్ట్ ‘రొమాన్స్ ఉబ్లియే’ అనే చిన్న రచనను జర్మన్ వయోలా విద్వాంసుడు హెర్మన్ రిట్టర్‌కు అంకితమిచ్చాడు. రిట్టర్ ‘వయోలా ఆల్టా’ అనే పెద్ద పరిమాణపు వాద్యాన్ని ప్రచారం చేసినవాడు.

ఈ శతాబ్దపు ఉత్తరార్ధంలో అత్యంత ప్రధానమైన రచనలు యోహానెస్ బ్రామ్స్ ఓపస్ 120 కింద వచ్చిన రెండు సోనాటాలు. ఇవి 1894 నాటివి. పారిస్ సంగీత విద్యాలయంలో వయోలాకు ప్రత్యేక తరగతి ఏర్పడింది కూడా ఆ ఏడాదే. దాని తొలి ఆచార్యుడు తియోఫీల్ లఫోర్జ్. ఆ విద్యాలయం కోసమే జార్జ్ ఎనెస్కు 1906లో ‘కొన్సెర్ట్‌ష్టూక్’ రాశాడు.

20వ శతాబ్దం: ఇంగ్లండ్‌లో లయొనెల్ టెర్టిస్ (1876–1975) వయోలాను ఏకవాద్యంగా నిలబెట్టడానికి జీవితమంతా కృషి చేశాడు. యార్క్ బోవెన్, ఆర్నాల్డ్ బాక్స్ తదితరులు అతని కోసం రచనలు చేశారు. అమెరికాలో సంగీత పోషకురాలు ఎలిజబెత్ స్ప్రేగ్ కూలిడ్జ్ 1919లో వయోలా–పియానో రచనలకు పోటీ నిర్వహించింది. 70కి పైగా వచ్చిన ఎంట్రీలలో చివరికి రెండు మిగిలాయి. న్యాయనిర్ణేతలు సమానంగా చీలిపోగా, కూలిడ్జ్ తన ఓటును ఎర్నెస్ట్ బ్లాక్ రాసిన సూట్‌కు వేసింది. రెండో స్థానంలో నిలిచిన సోనాటా రెబెకా క్లార్క్‌ది. వయోలా విద్వాంసురాలైన క్లార్క్ సోనాటా ఇప్పుడు ఈ వాద్యానికి మూలస్తంభాల్లో ఒకటిగా గుర్తింపు పొందింది. పాల్ హిండెమిత్ తానే వయోలా వాయిస్తూ 1919లో, 1939లో పియానోతో సోనాటాలు రాశాడు. దిమిత్రీ షొస్టకోవిచ్ 1975లో రాసిన వయోలా సోనాటా (ఓపస్ 147) అతని చివరి రచన. దాని మూడో భాగంలో బేతోవెన్ ‘మూన్‌లైట్’ సోనాటా ఛాయలు స్పష్టంగా వినిపిస్తాయి.

రచనల రకాలు

సోనాటా: సాధారణంగా మూడు లేదా నాలుగు భాగాలుండే పెద్ద రచన. బ్రామ్స్, రుబిన్‌స్టైన్, క్లార్క్ సోనాటాలు ఈ కోవకు ఉదాహరణలు.

లఘు రచనల గుచ్ఛం: కథ, దృశ్యం, మనోభావం వంటివాటిని సూచించే చిన్న రచనల వరుస. షూమన్ ‘మెర్షెన్‌బిల్డర్’ అంటే జానపద కథా చిత్రాలు. అయితే ఏ రచనకు ఏ కథ ఆధారమో షూమన్ స్వరలిపిలో చెప్పలేదు. నాలుగో రచన జోలపాట తీరులో నెమ్మదిగా ముగుస్తుంది.

యూదు సంప్రదాయంతో ముడిపడిన రచనలు: వయొలిన్ విద్వాంసుడు యోసెఫ్ యోఆఖిమ్ 1850లలో వయోలా, పియానోల కోసం ‘హీబ్రూ మెలడీస్’ (ఓపస్ 9) రాశాడు. వీటికి ప్రేరణ బైరన్ కవితలు. మాక్స్ బ్రూఖ్ 1880లో లివర్‌పూల్‌లో ఉన్నప్పుడు రాసిన ‘కోల్ నిద్రె’ (ఓపస్ 47) మొదట చెల్లో, వాద్యబృందాల కోసం రాసినది. యోమ్ కిప్పూర్ పర్వదినానికి ముందు సాయంత్రం యూదుల ప్రార్థనా మందిరంలో పాడే బాణీ దీనికి ఆధారం. ఇది వయోలా–పియానో రూపంలో తరచూ వినిపిస్తుంది. బ్లాక్ 1951లో రాసిన ‘సూట్ ఎబ్రయిక్’లో రాప్సడీ, ప్రొసెషనల్, అఫర్మేషన్ అనే మూడు భాగాలున్నాయి.

క్రైస్తవ సంప్రదాయంతో ముడిపడిన రచనలు: బ్రామ్స్ ఓపస్ 91లోని రెండో గీతం వీటిలో ముఖ్యమైనది (చూ. కింద ‘రెండు రచనల పరిశీలన’). షూబర్ట్ ‘ఆవె మరియా’, బాఖ్ ప్రెల్యూడ్ మీద షార్ల్ గూనో కట్టిన ‘ఆవె మరియా’ వాద్య రూపాలు ఆల్బమ్‌లలో విరివిగా కనిపిస్తాయి. షూబర్ట్ గీతానికి మూలం లాటిన్ ప్రార్థన కాదు, వాల్టర్ స్కాట్ కావ్యంలోని పాట. తర్వాతి తరంలో ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పెర్ట్ 1978లో వయొలిన్, పియానోల కోసం రాసిన ‘ష్పీగెల్ ఇమ్ ష్పీగెల్’ వయోలా రూపంలోనూ ప్రచారంలో ఉంది.

స్పిరిచువల్స్: అమెరికాలో బానిసత్వం కాలంలో ఆఫ్రికన్ అమెరికన్లు పాడుకున్న భక్తి గీతాలివి. 1871లో పర్యటనలు మొదలుపెట్టిన ఫిస్క్ జూబిలీ గాయకులు వీటిని కచేరీ వేదికలకు తీసుకువచ్చారు. తర్వాత హ్యారీ బర్లీ వీటిని ఏకగాత్రం, పియానోల కోసం స్వరపరిచాడు. ఆ రూపాల నుంచే ఇవి తీగ వాద్యాలకు చేరాయి. బర్లీ పాడగా ఈ గీతాలు విన్న ఆంటొనీన్ ద్వొర్జాక్ యౌవనంలో ప్రాగ్‌లో వృత్తిరీత్యా వయోలా వాద్యకారుడు. అతను 1893లో అమెరికాలో రాసిన ఓపస్ 96 క్వార్టెట్‌లో మొదటి స్వరవాక్యాన్ని వినిపించేది వయోలాయే.

అనుసరణలు: ఇతర వాద్యాల కోసం, గాత్రం కోసం రాసి, వయోలాకు మార్చుకున్న రచనలు. వీటిలో ప్రసిద్ధమైనది షూబర్ట్ 1824లో రాసిన ‘అర్పెజ్జోనే’ సోనాటా. అర్పెజ్జోనే అనేది కమానుతో వాయించే ఆరు తీగల గిటారు వంటి వాద్యం. అది త్వరలోనే వాడుక నుంచి తప్పుకుంది. 1871లో సోనాటా అచ్చయ్యేనాటికి దాన్ని వాయించేవారు దాదాపు లేరు. అందువల్ల ఆ రచన చెల్లో, వయోలాల సొత్తయింది.

రెండు రచనల పరిశీలన

బ్రామ్స్, ‘గైస్ట్లిఖెస్ వీగెన్లీడ్’ (ఓపస్ 91, సంఖ్య 2): కాంట్రాల్టో గాత్రం, వయోలా, పియానోల కోసం రాసిన ఈ పవిత్ర జోలపాట యోఆఖిమ్ దంపతుల కోసం 1860లలో రూపొందింది. యోఆఖిమ్ వయోలా కూడా వాయించేవాడు. అతని భార్య అమాలీ కాంట్రాల్టో గాయని. పాట మొదట గాత్రంతో ప్రారంభం కాదు. మధ్యయుగపు జర్మన్ క్రిస్మస్ పాట ‘యోసెఫ్, లీబెర్ యోసెఫ్ మైన్’ బాణీని వయోలా ఒక్కటే పల్లవిలా ఎత్తుకుంటుంది. ఆ పాత పాట మాటలను బ్రామ్స్ వయోలా స్వరాల కిందే రాయించాడు. వాద్యకారుడు వాటిని పాడడు, కానీ ఏ మాటలను తలచుకుంటూ వాయించాలో అతనికి తెలుస్తుంది. తర్వాత గాత్రం వేరే బాణీతో ప్రవేశిస్తుంది. లోపె ద వేగా రాసిన స్పానిష్ కవితకు ఎమాన్యుయెల్ గైబెల్ చేసిన జర్మన్ రూపం దాని సాహిత్యం. నిద్రపోతున్న బిడ్డ కోసం చెట్లను కదలనీయవద్దని తల్లి దేవదూతలను కోరడం దాని విషయం. మధ్యలో శిశువు భరించబోయే బాధల ప్రస్తావన వచ్చినప్పుడు స్వరం మైనర్‌కు మారుతుంది. చివర వయోలా మళ్లీ పాత బాణీని వినిపించి ముగిస్తుంది. 1884లో బ్రామ్స్ దీనికి మరో గీతాన్ని జతచేసి ప్రచురించాడు.

బ్రామ్స్, ఓపస్ 120 సోనాటాలు: ఎఫ్ మైనర్, ఇ-ఫ్లాట్ మేజర్ సోనాటాలను బ్రామ్స్ మైనింగెన్ వాద్యబృందంలోని క్లారినెట్ విద్వాంసుడు రిఖార్డ్ మ్యూల్‌ఫెల్ట్ కోసం రాశాడు. 1895లో అచ్చయినప్పుడు వయోలా రూపాన్ని కూడా తానే సిద్ధం చేశాడు. ఇందులో క్లారినెట్ పై స్థాయిలో పలికే కొన్ని వాక్యాలను ఒక స్థాయి కిందికి దించాడు. కొన్ని చోట్ల రెండు తీగలను ఒకేసారి పలికించే స్వరాలు చేర్చాడు. ఫలితంగా వయోలా రూపం మరింత నిగూఢంగా, కింది స్థాయిలో సాగుతుంది. కొందరు వాద్యకారులు బ్రామ్స్ వయోలా ప్రతిని యథాతథంగా అనుసరిస్తారు. మరికొందరు కొన్ని వాక్యాలను క్లారినెట్ ప్రతిలో ఉన్న పై స్థాయికే తిరిగి తీసుకెళ్తారు. ఈ సోనాటాల రికార్డింగులను పోల్చి వినేటప్పుడు మొదట గమనించదగిన తేడా ఇదే.

ధ్వనిముద్రణ చరిత్ర

1925కు ముందు ధ్వనిముద్రణ యాంత్రికంగా జరిగేది. వాద్యకారులు పెద్ద లోహపు గరాటా ఎదుట వాయిస్తే, ఆ ధ్వని తరంగాల బలమే మైనపు ఫలకం మీద గీత గీసేది. ఈ పద్ధతిలో తక్కువ ఆవృత్తుల స్వరాలు సరిగా పడేవి కావు. వయోలా కింది తీగలకు ఇది పెద్ద ప్రతిబంధకం. అయినా టెర్టిస్ ఆ కాలంలోనే పలు రికార్డులు ఇచ్చాడు.

1925లో మైక్రోఫోన్‌తో విద్యుత్ ధ్వనిముద్రణ వాణిజ్యపరంగా మొదలైంది. వయోలా మంద్ర స్వరాలు, పియానో మంద్ర స్వరాలు విడివిడిగా వినిపించే స్థాయికి వచ్చాయి. టెర్టిస్, పియానో విద్వాంసురాలు హ్యారియెట్ కోహెన్ 1933లో బ్రామ్స్ ఎఫ్ మైనర్ సోనాటాను రికార్డు చేశారు. స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్రిమ్‌రోజ్ (1904–1982) 1937లో జెరాల్డ్ మూర్‌తో ఇ-ఫ్లాట్ సోనాటాను, 1946లో విలియం కాపెల్‌తో ఎఫ్ మైనర్ సోనాటాను రికార్డు చేశాడు. హిండెమిత్ 1939 నాటి తన సోనాటాను అదే ఏడాది హెసూస్ మరియా సన్రోమాతో రికార్డు చేశాడు.

1941లో కాంట్రాల్టో మరియన్ ఆండర్సన్, ప్రిమ్‌రోజ్, పియానోపై ఫ్రాంజ్ రుప్ కలిసి బ్రామ్స్ ఓపస్ 91 గీతాలను రికార్డు చేశారు. ఆఫ్రికన్ అమెరికన్ గాయని అయిన ఆండర్సన్ స్పిరిచువల్స్ గానంలో ప్రఖ్యాతురాలు. 1939లో వాషింగ్టన్‌లోని లింకన్ స్మారకం ముందు ఆమె ఇచ్చిన కచేరీ చరిత్రకెక్కింది. 1949లో కాథ్లీన్ ఫెరియర్, మాక్స్ గిల్బర్ట్, ఫిలిస్ స్పర్ ఇవే గీతాలను డెక్కా సంస్థకు రికార్డు చేశారు.

12 అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు నాలుగైదు నిమిషాలకు మించి పట్టేది కాదు. ఒక సోనాటాకు అనేక ఫలకాలు కావలసివచ్చేవి. ఒక్కో భాగం మధ్యలోనే తెగేది. ‘ఆవె మరియా’ వంటి చిన్న రచనలు మాత్రం ఒక వైపులో ఇమిడిపోయేవి. అలాంటి అనుసరణలు ఆ కాలంలో విరివిగా వెలువడటానికి ఇది ఒక కారణం. 1948లో కొలంబియా సంస్థ ఎల్‌పీని ప్రవేశపెట్టడంతో పూర్తి సోనాటా ఒకే వైపు పట్టింది. 1958 ప్రాంతంలో స్టీరియో ఎల్‌పీలు, 1982లో కాంపాక్ట్ డిస్క్ వచ్చాయి. ఒక ఇతివృత్తం చుట్టూ గంటకు పైగా నిడివి ఉన్న ఆల్బమ్ కూర్చడం సీడీతో సులభమైంది. ఇటీవలి దశాబ్దాల్లో కిమ్ కష్కషియన్, యూరీ బష్మెత్, నొబుకో ఇమాయ్, తబేయా జిమర్‌మన్, ఆంట్వాన్ తమెస్తీ ఈ రంగంలో ముఖ్యమైన రికార్డింగులు ఇచ్చారు. కష్కషియన్, పియానో విద్వాంసుడు రాబర్ట్ లెవిన్ కలిసి బ్రామ్స్ సోనాటాలను ఈసీఎం సంస్థకు రికార్డు చేశారు.

ధ్వనిముద్రణ విధానం

ఇటువంటి ఆల్బమ్‌ను ప్రతిధ్వని సమంగా ఉండే కచేరీ మందిరంలోనో, చర్చిలోనో, పెద్ద స్టూడియోలోనో రికార్డు చేస్తారు. చర్చిలో నాదం ఎక్కువసేపు నిలుస్తుంది. నెమ్మదిగా సాగే ప్రార్థనా రచనలకు అది మేలు చేస్తుంది. వేగంగా సాగే భాగాల్లో స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయే ప్రమాదం ఉంది.

సమతూకం సాధించడానికి అనేక మార్గాలున్నాయి. పియానో మూతను పూర్తిగా గాని, సగం గాని తెరుస్తారు. వయోలా నిలబడే చోటును, అది తిరిగి ఉండే దిశను మారుస్తారు. ప్రధాన స్టీరియో మైక్రోఫోన్ల జంటను రెండు వాద్యాలకు ఎదురుగా కొంత దూరంలో ఉంచి, అవసరమైతే ఒక్కో వాద్యం దగ్గర సహాయక మైక్రోఫోన్ పెడతారు. మైక్రోఫోన్ మరీ దగ్గరగా ఉంటే కమాను తీగ మీద రాసుకునే శబ్దం, వాద్యకారుల ఊపిరి వినిపిస్తాయి. మరీ దూరమైతే వయోలా కింది స్వరాలు పియానోలో కలిసిపోతాయి.

ప్రతి భాగాన్ని పలుమార్లు వాయించి, మంచి ఖండాలను ఎంపిక చేసి అతుకు తెలియకుండా కలుపుతారు. స్టూడియోలో 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వంటి ప్రమాణాలు సాధారణం. సీడీ ప్రమాణం 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్.

ఆల్బమ్ కూర్పు

ఇటువంటి ఆల్బమ్‌లో సాధారణంగా ఒక పెద్ద సోనాటా కేంద్రంగా ఉంటుంది. దాని చుట్టూ లఘు రచనల గుచ్ఛం, ప్రార్థనా బాణీల మీది రచనలు, ఒకటి రెండు అనుసరణలు చేరతాయి. ఉదాహరణకు బ్రామ్స్ ఎఫ్ మైనర్ సోనాటాకు 22 నిమిషాలు, ‘మెర్షెన్‌బిల్డర్’కు 15, ‘సూట్ ఎబ్రయిక్’కు 12, ‘కోల్ నిద్రె’కు 10 నిమిషాలు స్థూలంగా పడతాయి. ఈ నాలుగింటితోనే దాదాపు గంట నిడివి గల ఆల్బమ్ తయారవుతుంది. రచనల శ్రుతి, వేగం, నిడివి దృష్టిలో ఉంచుకుని క్రమం నిర్ణయిస్తారు.

వివాదాంశాలు

అనుసరణల విలువ మీద భిన్నాభిప్రాయాలున్నాయి. మూల వాద్యం కోసం స్వరకర్త ఎంచుకున్న నాదం మార్పులో పోతుందని ఒక వాదం. బ్రామ్స్ స్వయంగా వయోలా రూపం సిద్ధం చేయడాన్ని, షూబర్ట్ సోనాటాకు మూల వాద్యమే అరుదైపోవడాన్ని రెండో పక్షం చూపుతుంది.

ఆధ్యాత్మిక బాణీల వినియోగం మరో చర్చనీయాంశం. బ్రూఖ్ యూదుడు కాదు, ప్రొటెస్టెంట్ క్రైస్తవుడు. ‘కోల్ నిద్రె’ బాణీని అతను కళాత్మక సామగ్రిగా స్వీకరించాడు. యూదు కుటుంబంలో పుట్టిన బ్లాక్ చాలా సందర్భాల్లో ఆరాధనా బాణీలను యథాతథంగా వాడకుండా, ఆ సంప్రదాయపు పలుకుబడితో తన సొంత స్వరవాక్యాలు కల్పించాడు. ఈ రెండు పద్ధతుల తేడాను ఆల్బమ్ పరిచయ వ్యాసాల్లో వివరించడం శ్రోతకు ఉపయోగకరం.

భారతీయ, తెలుగు సంగీతంతో సంబంధం

కర్ణాటక సంగీతంలో వయొలిన్‌తో పోలిస్తే వయోలా వాడకం తక్కువ. శంకరగుప్తంలో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) గాత్రంతో పాటు వయోలా వాదనంలోనూ ప్రావీణ్యం చూపారు. గమకాలు, శ్రుతి విధానం, కూర్చుని వాయించే పద్ధతి పాశ్చాత్య సంప్రదాయానికి భిన్నం కావడం వల్ల, ఆ వాదనం పియానోతో ముడిపడిన ఈ రచనా సంప్రదాయానికి వెలుపలిది. దక్షిణాది సినిమా సంగీతంలోని తీగ వాద్యబృందాల్లో మాత్రం పాశ్చాత్య పద్ధతిలోనే వయోలా వినిపిస్తుంది.

సంస్థలు, ప్రాముఖ్యం

వయోలా విద్వాంసులను, రచనలను ప్రోత్సహించే అంతర్జాతీయ వయోలా సంఘం 1968లో ఏర్పడింది. ప్రిమ్‌రోజ్ పేరిట 1979లో, టెర్టిస్ పేరిట 1980లో పోటీలు మొదలయ్యాయి. టెర్టిస్ పోటీ ఐల్ ఆఫ్ మాన్‌లో ప్రారంభమైంది. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో ఉన్న ప్రిమ్‌రోజ్ అంతర్జాతీయ వయోలా భాండాగారం స్వరలిపి ప్రతులను, ధ్వనిముద్రణలను భద్రపరుస్తోంది.

వయొలిన్, చెల్లోలతో పోలిస్తే వయోలాకు స్వంత రచనలు తక్కువ. ఉన్నవాటిలో మెండెల్సన్ సోనాటా వంటివి దశాబ్దాల పాటు అచ్చుకు నోచుకోలేదు. క్లార్క్ సోనాటా వంటివి చాలాకాలం మరుగున పడ్డాయి. వీటిని కచేరీల్లోకి, బోధనా ప్రణాళికల్లోకి తెచ్చిన ఘనతలో ధ్వనిముద్రణలకు పెద్ద వాటా ఉంది. వీటిని కొత్తగా వినదలచినవారు బ్రామ్స్ ఓపస్ 120లోని ఒకే సోనాటాను ముందు క్లారినెట్‌పై, తర్వాత వయోలాపై వినడం మంచి ఆరంభం. వయోలా నాదం ఒక రచన స్వభావాన్ని ఎంతగా మార్చగలదో ఆ రెండు రికార్డింగులే తెలుపుతాయి.